ముక్కు మీద ఇత్తడి పలక

నవ్వకు అక్కా. నువ్వు గానీ నవ్వావంటే ఈ ఇత్తడి పలక నీ ముక్కుకి బిగించను, నా నెత్తికి కొట్టుకుంటాను. పొద్దుట్నుంచీ నవ్వు మొహం పెట్టీ పెట్టీ దవడలు లాగేస్తున్నాయి. నీ రెక్క కింద కాసేపు కూర్చుంటే ప్రాణం తెరిపిన పడుతుందని వస్తే, నువ్వూ మొదలుపెట్టావా?

చదవమంటావా? చదువుతాను విను. "వాయుసేన వార్షిక పురస్కారాలు. ఈ ఏటి ఉత్తమ విమానం." చూశావా, అక్షరాలు ఎంత ముద్దుగా చెక్కారో! నీకు ఇంజన్లు రెండూ లేవు. కుడి చక్రం పీకేసి చెక్కదిమ్మె మీద నిలబెట్టాం. ఎడమ ఇంజను ఉండాల్సిన తొర్రలో పిచ్చుకలు కాపురం పెట్టి పిల్లల్ని కూడా కన్నాయి. అయినా సరే, మొత్తం వాయుసేనలో నిన్ను మించిన విమానం లేదని పెద్దలందరూ కూర్చుని తేల్చారు.

ఎవరూ లేరులే, గట్టిగానే మాట్లాడుకుందాం. హ్యాంగర్ అంతా ఖాళీ. అందరూ భోజనాల దగ్గరున్నారు. మా ఆవిడ ఈపాటికి నన్ను వెతుక్కుంటూ ఉంటుంది, పలక చేత్తో పట్టుకుని ఎటు మాయమయ్యాడా అని. ఇంట్లో నీ మాటొస్తే "మా ఆడపడుచు" అంటుంది తెలుసా? సాధింపుల్లేని ఆడపడుచు ఊరంతట్లో తనకొక్కదానికే ఉందట. జేబులో ఏమిటది ఉబ్బెత్తుగా అంటావా? రెంచీ. పలక బిగించడానికి రెంచీ ఎందుకంటావా? చెప్తాను. తొందరేముంది, నువ్వు మాత్రం ఎక్కడికి వెళ్ళాలని?

మన పద్ధతి నీకు తెలియందేముంది. మీరు ముగ్గురు అక్కచెల్లెళ్ళు, నువ్వూ నడిపక్కా చిన్నక్కా, సామాన్లు మోసే విమానాలు. స్టోర్లో చూస్తే విడిభాగాలుండవు. స్టోరాయన్ని మేమంతా "వచ్చేనెల" అని పిలుస్తాం, ఏమడిగినా ఆయన నోట్లోంచి వచ్చేది అదొక్కటే మాట కాబట్టి. పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు, పైనుంచి రావాలి కదా. అందుకని ఒకదాంట్లోంచి పీకి ఇంకోదానికి పెట్టి ఎగరేస్తాం. మొదట చిన్నక్క కోసమని నీ దగ్గర ఒక మీటరు తీశాను. వారంలో తెచ్చి పెట్టేస్తానని నీ మీద చెయ్యేసి చెప్పాను. ఆ మీటరు వెనకాల పంపు, పంపు వెనకాల రేడియో, ఆ తర్వాత చక్రం, ఆఖరికి ఇంజన్లు. ఇంట్లో పెద్దపిల్ల తన బట్టలు ఒక్కొక్కటే చెల్లెళ్ళకి ఇచ్చేసినట్టు అన్నీ ఇచ్చేశావు. వాళ్ళిద్దరూ వరదలొచ్చిన చోటికల్లా మందులూ దుప్పట్లూ మోసుకుపోతుంటే, నువ్విక్కడ మూల కూర్చుని చూస్తున్నావు.

నాకున్న ఆశ ఒక్కటే అని నీకు తెలుసు. ఈ ఏడు చివర్లో నేను రిటైరవుతాను. అంతకుముందు ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నీ ఇంజన్లు రెండూ మోగడం వినాలి. నువ్వు లేచి ఆ చివరి దాకా వెళ్ళి ఒక చుట్టు చుట్టి దిగితే చాలు, పెట్టె సర్దుకుని ఇంటికి పోతాను. ఉద్యోగంలో చేరిన రోజు నాకు మొదట అప్పగించింది నిన్నే కదా. ఇంజన్లు కావాలని అడుగుతూనే ఉన్నాను. అడిగినప్పుడల్లా పైనుంచి "పరిశీలిస్తున్నాం" అనే అంటున్నారు. పరిశీలించీ పరిశీలించీ నా అర్జీ పైకి పంపినాయన బదిలీ అయ్యాడు, పరిశీలించే ఆయన రిటైరయ్యాడు.

ఇంతలో ఈ అవార్డుల గోల వచ్చిపడింది.

ఇదెలా జరిగిందంటావా? చెప్తే నమ్మవు. పైలట్లు దిగగానే మాకు ఏం బాగాలేదో రాసిస్తారు కదా, తలుపు బిగుసుకుంటోందనీ, చక్రం వణుకుతోందనీ. ఒక్కొక్కటీ ఒక ఫిర్యాదు. ఏడాది మొత్తంలో ఏ విమానం మీద తక్కువ ఫిర్యాదులుంటే అది ఉత్తమ విమానం. అదీ రూలు. మరి చిన్నక్క ఎండల్లో వానల్లో రోజూ తిరుగుతుంది, దానికి సవాలక్ష రోగాలు. నీ మీద ఎవరు ఫిర్యాదు చేస్తారు? పిచ్చుకలు చెయ్యాలి. అసలిది గాల్లోకి లేచిందా అని ఒక్క ముక్క అడగాలని రూలు పెట్టినవాళ్ళకి తట్టలేదు. విమానమన్నాక ఎగురుతుందిలే అనుకున్నారు, పాపం.

మన పెద్దసారు అబద్ధం ఆడాడనుకునేవు. ఆడలేదు. ఆయన ఈ బేస్‌కి కమాండరు, ఆయనకి ఆ అవసరం ఏముంది? "దీని మీద ఏడాదంతా ఒక్క ఫిర్యాదు కూడా లేదు" అన్నాడు. అది నికార్సైన నిజం కదా. నేను వెళ్ళి, సార్, దానికి ఇంజన్లు లేవు సార్ అన్నాను. ఇక్కడందరూ నన్ను మామయ్యా అంటారు కదా, పనిపడ్డప్పుడు ఆయనా అలాగే అంటాడు. భుజం మీద చెయ్యేసి మెల్లిగా చెప్పాడు. "మామయ్యా, అవార్డొస్తే పైవాళ్ళ కళ్ళు మన మీద పడతాయి. కళ్ళు పడితే ఇంజన్లు వాటంతటవే నడిచొస్తాయి."

నేను నమ్మాను అక్కా. నమ్మకేం చేస్తాను, నేనడిగితే రానివి ఎలాగో ఒకలా వస్తాయంటే?

ఇక ఆ వారమంతా చూడాలి మా అవస్థ. ఎగరడం బందు. ఎగిరితే ఏదో ఒకటి పాడవుతుంది, ఈ టైములో ఆ తలనొప్పి ఎందుకన్నారు. చప్పట్లకి రిహార్సల్, లేచి నిలబడ్డానికి రిహార్సల్, అవార్డు అందుకునేటప్పుడు ఏ చెయ్యి ముందు పెట్టాలో దానికో రిహార్సల్. నీకు రంగు కూడా వేశాం కదా, గుర్తుందిగా? వేదిక వైపున్న పక్కకి మాత్రమే. అటుపక్క ఎవరు చూస్తారన్నాడు పెద్దసారు. ఇంజన్ల తొర్రలకి నీలం గుడ్డ తొడుగులు కుట్టించి వేశాం. దూరం నుంచి చూస్తే పెళ్ళికూతురికి మేలిముసుగు వేసినట్టే ఉన్నావు, నిజంగా.

ఇవాళ పొద్దున్న బ్యాండు, కుర్చీలు, షామియానా. ఎన్ని అవార్డులనుకున్నావు! ప్రమాదరహిత వాహనమని షెడ్డులో తుప్పు పట్టిన వ్యానుకి ఒకటి. అందమైన పచ్చికకి ఒకటి, ఆ పచ్చిక మీద కాలు పెట్టినందుకు మొన్ననే ఇద్దరికి శిక్ష పడింది. తర్వాత నాయకత్వంలో ఉత్తముడని పెద్దసారుకి. "ఎల్లవేళలా తన బలగాన్ని ముందుండి నడిపించారు" అని మైకులో చదువుతుంటే నాకు భోజనాల వరస గుర్తొచ్చి నవ్వాపుకోలేకపోయాను. అక్కడ నిజంగానే ఆయన ముందుంటాడు.

ఆఖరికి మనిద్దర్నీ పిలిచారు. నీకు పలక, నిన్ను చూసుకుంటున్నందుకు నాకు "పనిలో శ్రేష్ఠత" పతకం. మా ఆవిడ ముందు వరసలో కూర్చుంది. మా అమ్మాయి ఫోను పైకెత్తి వీడియో తీస్తోంది. ముఖ్య అతిథి మంచివాడే అక్కా, పైనుంచి వచ్చిన పెద్ద అధికారి, తెల్లటి జుట్టు, కళ్ళలో దయ ఉంది. పతకం పెట్టేసి పంపించేయొచ్చు కదా? పంపలేదు. నీ వైపు తిరిగి చూశాడు. సరిగ్గా అప్పుడే నీలం తొడుగు లోపల్నుంచి పిచ్చుక పిల్లలు కిచకిచమన్నాయి. ఏమిటా శబ్దం అన్నాడాయన. పెద్దసారు తడుముకోలేదు, "కొత్త పరికరం సార్, పరీక్షిస్తున్నాం" అన్నాడు. నాయకత్వం అవార్డు ఊరికే ఇచ్చారంటావా?

అప్పుడాయన రిహార్సల్లో లేని పని చేశాడు. మైకు నా మొహం ముందు పెట్టి ఒక మాటడిగాడు. ఏమడిగాడో చెప్తాను, కాస్త ఆగు. నేనేదో అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ఊపులో ఆయన అక్కడికక్కడే ప్రకటించేశాడు. ఇంత గొప్ప విమానం ఒక మూల ఉండకూడదట, వచ్చేపోయేవాళ్ళకి ఆదర్శంగా కనిపించాలట. గేటు దగ్గర సిమెంటు దిమ్మె కట్టి, ఇనపస్తంభం మీద నిన్ను ఎత్తి నిలబెడతారు. ముక్కు పైకి లేపి, అచ్చం ఎగురుతున్నట్టే ఉంటావట. స్తంభం నీ పొట్టలోకి దిగేసి వెల్డింగు చేస్తారు. ఇంకెప్పటికీ దింపరు.

అర్థమైందా అక్కా?

దిగొచ్చాక స్టోరాయన, అదే మన వచ్చేనెల, నన్ను పక్కకి పిలిచాడు. ఆయన మొహం చూడలేకపోయాను. నీ ఇంజన్ల కోసం పెట్టుకున్న అర్జీ అప్పుడే కొట్టేశారట. దిమ్మె ఎక్కే విమానానికి ఇంజన్లు దేనికన్నారట. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన వచ్చే నెల అనలేదు. "ఇక రావు మామయ్యా" అన్నాడు.

ఇంకా ఉంది. చిన్నక్కని నడిపే కెప్టెనమ్మ ఉంది కదా, మంచి పిల్ల, ఏదైనా బాగాలేకపోతే మొహం మీదే చెప్పేది. ఆవిడ ఇందాక నా పక్కకొచ్చి చెవిలో చెప్పింది. చిన్నక్కకి అద్దం తుడిచే మోటారు కాలిపోయిందట. రేపు పొద్దున్నే వరద ఊళ్ళకి మందులు తీసుకెళ్ళాలి, అక్కడ కుంభవృష్టి. తుడవకపోతే ముందేముందో కనపడదు. చెవిలో ఎందుకమ్మా, ఎప్పట్లాగే ఫిర్యాదు రాసివ్వు, పద్ధతి ప్రకారం చేస్తాను అన్నాను. ఆ పిల్ల తల దించుకుంది. "రాయొద్దన్నారు మామయ్యా. వచ్చే ఏడు అవార్డు చిన్నక్కకి రావాలట. ఒక్క ఫిర్యాదు కూడా ఉండకూడదట."

విన్నావా? నీకు అవార్డొచ్చి ఒక పూట కూడా కాలేదు, అప్పుడే నీ చెల్లెలికి నోరు కుట్టేశారు. రేపట్నుంచి చక్రం వణికినా చెవిలోనే, రెక్క విరిగినా చెవిలోనే. నా చెవి ఎన్నిటికని సరిపోతుంది? నేను పోయాక ఎవరి చెవిలో చెప్పుకుంటారు వాళ్ళు?

సరే. ఆయన ఏమడిగాడో చెప్తానన్నాను కదా.

వేరే ఏమీ లేదు. నా భుజం తట్టి, చాలా ప్రేమగా అడిగాడు. "ఈ విమానానికి ఇంకేమైనా కావాలా? సంకోచించకండి, అడగండి." మైకులో, అందరి ముందూ. ఏళ్ళ తరబడి ఏ మాట కోసం కాళ్ళరిగేలా తిరిగానో, ఆ మాటే నడిచొచ్చి నా నోటి ముందు నిలబడింది. ఇంజన్లు కావాలి సార్. అంతే కదా నేను అనాల్సింది. నాలిక చివరి దాకా వచ్చింది. అంతలో కింద మా అమ్మాయి ఫోను కనిపించింది. మా ఆవిడ పమిటతో కళ్ళొత్తుకుంటోంది. పెద్దసారు నా వంకే చూస్తున్నాడు. మెడలో పతకం చల్లగా తగులుతోంది, బాగుంది అక్కా, నిజం చెప్పొద్దూ, చాలా బాగుంది. ఇంజన్లు లేవంటే అది తీసి ఇచ్చేయాలి కదా.

"ఏమీ వద్దు సార్, మీ అభిమానం చాలు" అన్నాను.

అదుగో, ఆ మాటకే చప్పట్లు. ఇప్పటిదాకా ఆ మోత చెవుల్లోంచి పోలేదు. నీ ఇంజన్ల మోత వినాలనుకున్నవాణ్ణి, దాంతో సరిపెట్టుకున్నాను.

తిట్టు. తిట్టవేం? నువ్వు తిడితే కాస్త తేలికపడతాను. ఉహుఁ, నువ్వెప్పుడు తిట్టావు గనక. పెద్దదానివి.

రెంచీ ఎందుకో తెలిసిందిగా. అద్దం తుడిచే మోటారు స్టోర్లో లేదు, నడిపక్కది తీస్తే దాన్ని ఎగరేయలేం. ఇక పనికొచ్చేది నీ దగ్గర అదొక్కటే మిగిలింది. ఇదే ఆఖరుసారి, ఒట్టు. ఒట్టంటే నవ్వొస్తోందా? నవ్వుకో. తలుపు కొంచెం తియ్యనీ... ఆఁ, బిగుసుకుంది. ఇటుపక్క రంగు వేయలేదు కదా, చేతికంతా పాత పొట్టు రాలుతోంది. కాస్త ఓర్చుకో. ఒకటి వచ్చింది. ఇంకోటి. వచ్చేసింది, అయిపోయింది. ఎంత బరువుందో చూడు, ఇంకా కొత్తదానిలా ఉంది. రేపు ఆ వానలో ఆ పిల్లకి దారి కనపడితే, అది నీ పుణ్యమే. ఆ మాట మాత్రం ఏ పలక మీదా రాయరులే.

ఇక ఈ పలక సంగతి చూద్దాం. సాయంత్రం ఫొటోలకి వస్తారట, ఈలోగా బిగించి ఉండాలి. దీన్ని బిగించడానికి నాలుగు మరలు ఇమ్మని ఇందాకే వచ్చేనెలని అడిగాను. ఏమన్నాడో చెప్పుకో.

పోనీలే. నీ మోటారుకున్న మరలు ఇవిగో, ఇక్కడే ఉన్నాయిగా. చిన్నక్కకి దానివి దానికున్నాయి. సరిగ్గా పట్టేట్టున్నాయి. ముక్కు ఇటు... కదలకు అక్కా, వంకరగా పడితే పెద్దసారు ఊరుకోడు.