బావకి అపాలజీ పాఠం

స్పోకెన్ ఇంగ్లిష్ నేర్పే చిన్న గది. ఒక క్లాసు అయిపోయింది, తరవాతిది ఇంకా మొదలవలేదు. నేర్పుతున్నది మరదలు. నేర్చుకుంటున్నది హోటల్ లాండ్రీలో ఇస్త్రీ చేసే బావ.

"ఐ యామ్ అపాలజీ."

"కాదు బావా. నువ్వే అపాలజీ అయిపోతే ఆ హోటల్లో దిగినాయన నిన్ను మడతపెట్టి పెట్టెలో పెట్టుకుపోతాడు."

"పోనీలే, తీసుకుపోనీ. పూటకింత తిండి పెడతాడు."

"వేళాకోళం తరవాత. బోర్డు మీద రాశాను చూడు. అపాలజైజ్, ఇది క్రియ. నువ్వు చేసే పని. అపాలజీ, ఇది నామవాచకం. నువ్వు ఆయన చేతికిచ్చే వస్తువు."

"క్షమాపణ వస్తువెలా అవుతుందే?"

"ఇస్త్రీ చెయ్యడం పని. చేసి మడతపెట్టిన చొక్కా వస్తువు. అంతే తేడా."

"ఆఁ, అలా చెప్పు మరి. క్రియ, నామవాచకం అంటే నాకు బడి బెత్తం గుర్తొస్తుంది. ఐ అపాలజైజ్."

"ఎవరికి?"

"టు యూ, సార్."

"దేనికి?"

"ఫర్... ఫర్ కోట్ బర్న్."

"ఫర్ బర్నింగ్ యువర్ కోట్. మీ కోటు కాల్చినందుకు."

"కోటు కాలింది, అంటే చాలదా?"

"దానంతటదే కాలిందా?"

"కాదులే. కానీ నేను కాల్చాను, నేను కాల్చాను అంటుంటే కావాలని కాల్చినట్టుంటుంది."

"బావా, ఇంతకీ మేనేజరు ఏమన్నాడు? సరిగ్గా చెప్పు."

"ఏమంటాడు? ఆ పెద్దాయన సాయంత్రం గది ఖాళీ చేసి కిందికి దిగుతాడు, హాల్లో నిలబడి ఇంగ్లిష్‌లో క్షమాపణ చెప్పుకో, ఆయన సరేనంటే రేపు మామూలుగా పనికి రా, లేదంటే రావద్దు అన్నాడు."

"అంతేనా? ఇన్నేళ్ళు చేసినవాణ్ణి అంత మాట అన్నాడా?"

"ఆయన తప్పేం లేదు. కూతురి పెళ్ళికి ఆ పెద్దాయన కుట్టించుకున్న కోటట. వీపు మీద ఇస్త్రీపెట్టె అచ్చు దిగిపోయింది."

"అయ్యో."

"అందుకే అంటున్నా, తొందరగా కానీ. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాను, ఆ ఆకులైనా సరిగ్గా పట్టుకోనీ."

"ముందు కూర్చో. అటూ ఇటూ తిరుగుతుంటే నాకే కంగారుగా ఉంది."

"రోజంతా నిలబడే వాణ్ణి. కూర్చుంటే నాకు మాట రాదు. అబ్బా."

"ఏమైంది?"

"ఈ బల్లొకటి. ఎప్పుడు తెచ్చిపెట్టావు ఇక్కడ?"

"మొదట్నుంచీ అక్కడే ఉంది."

"దారికడ్డంగా పెట్టుకున్నావు. పిల్లలు పడి మూతి పగలగొట్టుకుంటారు."

"ఇప్పటిదాకా ఎవరూ పడలేదు. చెప్పు. ఐ అపాలజైజ్ టు యూ, సార్."

"ఐ అపాలజైజ్ టు యూ, సార్, ఫర్ బర్నింగ్ యువర్ కోట్."

"బాగుంది. ఇప్పుడు రెండోది వాడు. ప్లీజ్ యాక్సెప్ట్..."

"ప్లీజ్ యాక్సెప్ట్ మై అపాలజైజ్."

"పని కాదు బావా, వస్తువు. మూట కట్టి చేతికియ్యి."

"మై అపాలజీ. ప్లీజ్ యాక్సెప్ట్ మై అపాలజీ."

"అదీ. నువ్వు ఊరికే భయపడుతున్నావు కానీ నీకు చెవిలో పడితే చాలు. పోనీ ఒక పని చేద్దామా? ఇవన్నీ చీటీ మీద పెద్దపెద్ద అక్షరాల్లో రాసిస్తాను. జేబులో పెట్టుకో. మర్చిపోతే తీసి చదువు."

"వద్దు."

"ఏం?"

"చీటీ చూసి చదివితే అది క్షమాపణ అవుతుందా? కరెంటు బిల్లు చదివినట్టుంటుంది. ఆయన మొహంలోకి చూస్తూ చెప్పాలి."

"అబ్బో. మా బావకి ఇంత పెద్ద మాటలు ఎప్పట్నుంచి వచ్చాయో."

"నీ దగ్గర చదువుకున్నాకే, పంతులమ్మా."

"మరయితే నాకొకటి చెప్పు. అసలెలా కాలింది?"

"కాలింది. మళ్ళీ అదెందుకు?"

"ఆయన అడిగితే? హౌ డిడ్ ఇట్ హ్యాపెన్ అంటే ఏం చెప్తావు?"

"ఇస్త్రీపెట్టె మీద చుక్కలుంటాయి. ఒక చుక్క నైలాను లాంటి వాటికి, రెండు ఉన్నికి, మూడు నూలుకి. కోటుకి రెండు పెట్టాలి."

"నువ్వు?"

"రెండే పెట్టాను. పెట్టాననుకున్నాను. మూడులో ఉంది."

"మరి రంగు మారుతుంటే తెలియలేదా?"

"నల్లకోటమ్మా. వాసనొచ్చేదాకా తెలియలేదు."

"మా ఇంట్లో పట్టుచీరలన్నీ నీ చేతుల మీదుగా వెళ్ళాయి. ఒక్క దారం కమిలింది లేదు. నీకు ఇలా ఎందుకవుతుంది?"

"ఫోన్ మాట్లాడుతున్నాను. ధ్యాస తప్పింది. చాలా?"

"నీ ఫోన్ రిపేరుకిచ్చావని అక్క చెప్పింది."

"మీ అక్క నోట్లో నువ్వుగింజ నానదు కదా."

"అంటే ఫోన్ మాట్లాడలేదు."

"పక్క బల్ల దగ్గర వాడిది తీసుకుని మాట్లాడాను. నువ్వు ఇంగ్లిష్ పంతులమ్మవా, పోలీసువా?"

"గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ వరస. నిద్రపోయావా? తాగావా?"

"నేనా? తాగడమా?"

"తాగవని తెలుసు. అయినా అడుగుతున్నాను. ఎవరినైనా వెనకేసుకొస్తున్నావా? వేరేవాళ్ళు కాల్చింది నీ మీద వేసుకున్నావా?"

"లేదు. నేనే. నా చేత్తో నేనే కాల్చాను. ఇదిగో, ఇందాక నువ్వు అనమన్నదే అంటున్నాను. ఇప్పుడు తృప్తేనా? ఇంకో వాక్యం చెప్పు."

"ఇట్ వాజ్ మై మిస్టేక్."

"ఇట్ వాజ్ మై మిస్టేక్."

"రాశాను చూడు, బోర్డు మీద ఆ రెండు వాక్యాలకీ మధ్యన. అక్కకి తెలుసా ఈ సంగతి?"

"తెలియదు. నువ్వూ చెప్పకు. ఇస్త్రీపెట్టె పట్టుకోవడం తప్ప నాకింకేం చాతకాదు. ఇది పోతే నేను ఇంటికెళ్ళి మీ అక్క మొహం ఎలా చూడను?"

"ఇప్పుడూ చూడటం లేదటగా."

"ఎవరన్నారు?"

"అక్కే. ఈమధ్య మీ బావ నా మొహంలోకి చూసి మాట్లాడటం మానేశాడే, ఎటో చూస్తాడు అంది. మొన్న సూదిలో దారం ఎక్కించమంటే పనుందని లేచి వెళ్ళిపోయావట. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆ పని నీదేనట కదా. తను చాలా బాధపడుతోంది."

"పనుంది. వెళ్ళాను. దానికింత రామాయణమా?"

"బావా, ఒకటడుగుతాను, కోప్పడకు."

"కోప్పడే టైము కూడా లేదు నాకు."

"ఎవరైనా ఉన్నారా?"

"ఎక్కడ?"

"తెలియనట్టు అడక్కు. హోటల్లో. ఇంకెవరైనా ఆడమనిషి."

"ఉన్నారు. నాలుగొందల దుప్పట్లు, వాటికి తగ్గట్టు దిండు గలీబులు. ఒక్కోదాన్నీ బుజ్జగించి పడుకోబెట్టేసరికి పొద్దు పోతుంది."

"నవ్వించి తప్పించుకోకు."

"నీ మీద ఒట్టు, ఎవరూ లేరు. మీ అక్క తప్ప నాకు ఎవరున్నారే? ఆ పిచ్చిదానికి అది కూడా తెలియదా?"

"మరి తనకి ఆ మాట చెప్పొచ్చుగా."

"చెప్తాను. ముందు ఈ గండం గట్టెక్కనీ. ఎంతయింది టైము?"

"ఎదురుగా గోడ మీద ఉందిగా."

"ఉంది, ఉంది. నీ గడియారాన్ని నమ్మొచ్చా అని అడుగుతున్నా."

"నమ్మొచ్చు. ఇంకా టైముంది. బావా, నిన్ను చూస్తే భయమేస్తోంది నాకు. ఏదో ఉంది, నువ్వు చెప్పట్లేదు. నన్ను సైకిలు ముందు కూర్చోబెట్టుకుని రోజూ బడికి దింపినవాడివి. నేను ఏడుస్తుంటే వీధి చివరే కనిపెట్టేవాడివి. నీకేదైనా అయితే నేను కనిపెట్టలేనా?"

"నాకేం కాలేదు. గుండ్రాయిలా ఉన్నాను. ఉద్యోగం నిలబడితే చాలు, మిగతావన్నీ అవే సర్దుకుంటాయి. చెప్పించు, చెప్పించు."

"సరే. నీకు సులువుగా ఉంటుందని రెండు రంగుల్లో రాశాను. ఒక మాట ఎరుపులో, ఒకటి నలుపులో. ఎర్రదేది, క్రియా, నామవాచకమా?"

"ఎర్రదా?"

"ఊఁ."

"క్రియ."

"క్రియా?"

"ఏం, కాదా? నామవాచకం. నోరు జారింది. ఎర్రది నామవాచకం."

"ఊఁ."

"ఏమిటి, ఆగిపోయావు?"

"ఏం లేదు. పెన్ను సరిగ్గా రాయట్లేదు."

"ఆ చప్పుడేమిటి?"

"బోర్డు దగ్గర దుమ్ముంటే దులుపుతున్నాను."

"ఇప్పుడా దుమ్ము దులిపేది? నేనిక్కడ నిప్పుల మీద నిలబడ్డాను."

"అయిపోయింది."

"నీ గొంతేమిటి అలా అయింది?"

"జలుబు."

"ఇందాకటిదాకా లేదే."

"ఇప్పుడే పట్టింది. బావా, నువ్వు ఇంగ్లిష్ బాగానే చదువుతావు కదా. కాలర్ల లోపల చీమల్లాంటి అక్షరాలుండేవి, నాకే కనపడేవి కావు. నువ్వు గడగడా చదివి ఏ బట్టని ఎలా ఉతకాలో చెప్పేవాడివి."

"అదేం పెద్ద విద్య? అలవాటు."

"అయితే బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు చదువు. ఆయన ఎదురుగా నిలబడ్డాడనుకో. తొందరపడకు. మొదటి వాక్యం."

"నువ్వు ఒకసారి చదువు, పలకడం ఎలాగో వింటాను."

"చాలాసార్లు చదివాను. ఇప్పుడు నువ్వు."

"సరే, విను. ఐ అపాలజైజ్ టు యూ, సార్, ఫర్ బర్నింగ్ యువర్ కోట్."

"రెండోది?"

"ఇట్ వాజ్ మై మిస్టేక్."

"కిందది?"

"ప్లీజ్ యాక్సెప్ట్ మై అపాలజీ. మూట చేతికిచ్చేశాను. ఎక్కడైనా తప్పుందా?"

"లేదు. ఒక్క అక్షరం పొల్లు పోలేదు."

"మరి ఎవరనుకున్నావు? నీ చేతిరాత ముత్యాల్లా ఉంటుంది, అందుకే ఇట్టే చదివేశాను. ఇక వెళ్తాను. ఆయన దిగిపోతాడు."

"బావా."

"ఊఁ, చెప్పు. మళ్ళీ ఏమిటి?"

"బోర్డు ఎప్పుడో తుడిచేశాను."