బాబు గ్లాసు

వేమూరు దగ్గర ఒక పాలెం. వెయ్యిన్నీ తొమ్మిది వందల ఎనభై ఎనిమిది, వేసవి. శుక్రవారం సాయంత్రం పెరట్లో రుబ్బురోలు దగ్గర రాజమ్మ, ఆమె కోడలు ప్రేమకుమారి. కోడలు పొత్రం తిప్పుతోంది, అత్త పిండి తోస్తోంది.

“ఆపమ్మాయ్. ఒక్క నిమిషం ఆపు.”

“ఇంకా పలుకుగానే ఉందత్తయ్యా. చెయ్యి తియ్యండి, నలుగుతుంది.”

“నా చేతి సంగతి తర్వాత. నీ చెయ్యేదీ, ఇటు చూపించు. ఇందాకట్నించీ ఏదో తక్కువయిందనుకుంటూనే ఉన్నా. రోలు చప్పుడే గానీ గాజుల చప్పుడు లేదు.”

“రుబ్బేటప్పుడు పగుల్తాయని తీశానండి.”

“కాపురానికొచ్చిన కాణ్ణుంచీ రుబ్బుతున్నావు. ఏనాడన్నా తీశావా?”

“మట్టిగాజులు కదండీ.”

“నిన్నా మట్టివే, మొన్నా మట్టివే. మెడలో ఉందా, అదీ తీశావా?”

“ఉందండి.”

“పైకి తీసి చూపించు.”

“ఉందన్నాను కదండీ. ఇదుగో.”

“ఊఁ. అదీ ఆదివారం దాకేనా?”

“ఆదివారం ఏంటండీ?”

“ఏంటా? నన్నడుగుతున్నావా ఏంటని? పున్నమ్మ చెప్పింది. ఆదివారం తెల్లారగట్ల కాలవ రేవులో ముంపు బాప్తిస్మాలంట, నువ్వూ పేరిచ్చావంట. ఊరందరికీ తెలిసింది, ఇంట్లో ఉన్న ముసల్దానికి తప్ప.”

“పొత్రం తిప్పనాండీ? పిండి ఆరిపోతోంది.”

“ఆరనీ.”

“మీతో చెబుదామనే అనుకున్నానండి.”

“ఎప్పుడు? తడిచీరతో ఇంటికొచ్చాకా? బర్నబాసుకి తెలుసా?”

“తెలుసండి. అమ్మకి నువ్వే చెప్పుకో అన్నారు.”

“అంటాడు. తెనాలి బస్సెక్కితే వాడికి ఇక ఇల్లు పట్టదు. ఇంతకీ నీకేం తక్కువయిందని రెండోసారి? మీ అమ్మ నిన్ను పొత్తిళ్ళలో గుడికి తీసుకెళ్ళి బాప్తిస్మం ఇప్పించింది. వోణీ వేశాక నిర్ధారణ పొందావు. ప్రభు భోజనంలో కూర్చుంటున్నావు. ఇంకేం కావాలి?”

“పొత్తిళ్ళలో నాకేం తెలుసండీ? తెలిసి, నమ్మి తీసుకోవాలని పాఠంలో చెప్పారు.”

“పాఠం! శుక్రవారం వస్తే చాలు ఆ కాంతమ్మ టీచరింట్లో పాఠం. కాలవలో మునిగినవాళ్ళంతా పరిశుద్ధులైతే మన గేదెలు ఈపాటికి పరలోకంలో ఉండాలే.”

“అత్తయ్యా...”

“నవ్వొస్తోందా? నవ్వు, నవ్వు. ఆదివారం గుళ్ళో పాస్టరుగారు నీ పేరు చదివి సంఘంలోంచి తీసేశామంటే అప్పుడు నవ్వుదువుగాని.”

“తీసేస్తారాండీ?”

“తియ్యరూ? మన పెద్దల కట్టడి నీకు తెలీదా? ఆ గుడి గోడకి మీ మామయ్య ఇటికలు మోశాడు. నేను ఆడవాళ్ళ సమాజంలో ముందు వరసలో కూర్చుంటా. రేపట్నించీ నా పక్కన ఎవరు కూర్చుంటారు?”

“మీరేం చేశారండీ, మీ పక్కన కూర్చోకపోవడానికి?”

“నా ఇంట్లో జరిగిందిగా. నాకు తెలీకుండా జరిగిందంటే ఎవరన్నా నమ్ముతారా? ఆ కాంతమ్మ టీచరు ఎప్పుడు బాపట్ల వదిలి ఈ ఊరొచ్చిందో గానీ... నిన్ను గాజులు తీసెయ్యమంది గదా, తన చేతికి వాచీ ఉందిగా, పసుప్పచ్చ గొలుసుది?”

“ఆవిడ తియ్యమనలేదండి. అక్కడ అందరూ వేసుకోకపోతే నేనే...”

“ఆవిడ అనదు. చాప పరిచి, బైబిలు తెరిచి కూర్చుంటుంది, మీ అంతట మీరే ఒక్కొక్కటీ వదులుకుంటారు. మొన్నొక వాక్యం అప్పజెప్పావు, ఇవాళ గాజులు. రేపేంటి, మొగుణ్ణా?”

“అట్లా మాట్లాడకండి. పిండి తోయండి, తిప్పుతాను.”

“మాట మార్చకు. ఒక్కటడుగుతా, సూటిగా చెప్పు.”

“అడక్కండత్తయ్యా.”

“ఏం అడుగుతానో తెలుసా నీకు?”

“తెలుసండి. అందుకే అడక్కండి అంటున్నా.”

“అడిగి తీరతా. చిన్నప్పుడు నీకిచ్చింది బాప్తిస్మం కాదంటున్నావు. అయితే మన బాబు దేవదానానికి నేనిచ్చిందో? చెప్పు. వెనక గుమ్మంలోంచి చూడు, గూట్లో బైబిలు పక్కన ఏముంది?”

“బాబు గ్లాసు.”

“మీ మామయ్య పేరు చెక్కించిన గ్లాసు. ఆ ఆస్పత్రిలో ఆ రోజు దాంతోనే వాడి తల మీద నీళ్ళు పోశా. మళ్ళీ అందులో ఎవర్నీ మంచినీళ్ళు తాగనిచ్చానా? పుట్టిన బిడ్డ నల్లబడిపోతుంటే, పాస్టరుగారు పని మీద వేమూరు పోయి ఉంటే, ప్రాణం మీదికొచ్చినప్పుడు విశ్వాసి ఎవరైనా పొయ్యొచ్చని చిన్నప్పుడు నేర్పిన మాట గుర్తొచ్చి, పేరు పెట్టి, త్రియేక నామం చెప్పి పోశా. ఈ చేత్తో.”

“తెలుసండి. నా ఒళ్ళోనే ఉన్నాడు.”

“మరి అది వట్టి నీళ్ళేనా? అంతేనా మీ పాఠం?”

“నేనట్లా అనలేదండి.”

“ఆదివారం నువ్వు కాలవలో దిగితే అన్నట్టే. ఊరు ఊరంతా చూస్తుండగా అన్నట్టే. ఊపిరుండగానే పోశావా రాజమ్మా అని పాస్టరుగారు నన్ను నిలబెట్టి అడిగారు. ఉండగానే పోశానయ్యా అని బైబిలు మీద చెయ్యేసి చెప్పా. అందుకే గుడి దొడ్లో మీ మామయ్య పక్కన వాణ్ణి పూడ్చడానికి చోటిచ్చారు. పున్నమ్మ బిడ్డకి ఇచ్చారా?”

“ఇవ్వలేదు. కాలవ గట్టు మీద పెట్టారు.”

“మరి? అప్పుడు పున్నమ్మ నా దగ్గరికొచ్చి ఏడ్చింది. ఏం చేస్తాం, నీళ్ళు పడని బిడ్డ, కట్టడి కట్టడే అన్నా.”

“అంతే కాదండి మీరన్నది.”

“ఇంకేమన్నా?”

“ఆ బిడ్డ వెలుగులోకి పోదు అన్నారు. పున్నమ్మక్క మన గుమ్మంలో కూర్చుని ఉంది. నేను బియ్యం చేటతో ఇక్కడే నిలబడి ఉన్నా.”

“అని ఉంటా. పెద్దలు చెప్పిందే చెప్పా. నీకెందుకు అదంతా గుర్తు?”

“ఊరికే.”

“అదుగో, పాట మొదలెట్టారు. మీ టీచరింట్లోనేగా? కంజీర కొట్టేది ఎవరు?”

“పున్నమ్మక్క.”

“దానికీ బాగానే అలవాటయింది. కూర్చో. ఎక్కడికి లేస్తున్నావు?”

“చేతులు కడుక్కుని వస్తానండి. వెళ్ళొచ్చాక మిగతాది నేనొక్కదాన్నే రుబ్బుకుంటాను.”

“ప్రేమా! నా మాట విను. ఇవాళ ఈ గుమ్మం దిగి ఎడంపక్కకి, ఆ టీచరింటి వైపు తిరిగావంటే, మళ్ళీ ఈ ఇంట్లోకి రాబాక. కుడిపక్కకి తిరుగు. నాలుగు ఇళ్ళవతల పాస్టరుగారుంటారు. తప్పయింది, పేరు తీయించుకుంటానని చెప్పు. నేనూ వస్తా, నీ తరఫున నేనే మాట్లాడతా.”

“సరేనండి.”

“ఏంటి సరే?”

“ఆదివారం కాలవకి వెళ్ళను. పేరు తీయించుకుంటాను.”

“నిజంగానే?”

“గాజులూ వేసుకుంటాను. డబ్బాలోనే ఉన్నాయి, పారెయ్యలేదు. పాస్టరుగారికి తప్పయిందని చెప్పమంటే అదీ చెబుతాను. శుక్రవారం కూడిక మాత్రం మాన్పించకండి.”

“ఇదేం బేరం? మునగనంటావు, గాజులేసుకుంటానంటావు. మరి అక్కడ నీకేం పని?”

“పాఠం వినడానికండి.”

“గుళ్ళో ప్రసంగం లేదా? ఇంట్లో బైబిలు లేదా? చదువుకున్నదానివేగా!”

“ఉన్నాయండి.”

“మరి? బాప్తిస్మం ఒదులుకుంటావు గానీ చాప మీద కూర్చోవడం ఒదులుకోవా? ఏం పెడుతుంది ఆవిడ అక్కడ?”

“అత్తయ్యా, ఇంతటితో పోనివ్వండి. మీరడిగిందంతా ఒప్పుకున్నాను కదండీ.”

“పోనివ్వను. నాలుగేళ్ళు పక్క మీద గోడకి తిరిగి పడుకునేదానివి. అన్నం పెడితే తినేదానివి, లేకపోతే లేదు. ఆ కూడికకి పోవడం మొదలెట్టాక తింటున్నావు, పాడుతున్నావు. నేను చూళ్ళేదనుకున్నావా? నేను ఎన్నిసార్లు చెప్పా, బిడ్డ దేవుడి దగ్గర ఉన్నాడే, నా చేత్తో పంపానే అని. అప్పుడు లేవలా. ఆ బాపట్లావిడ చెబితే లేచావు. ఆవిడ చెప్పిందేంటి, నేను చెప్పందేంటి?”

“మీరు చెప్పినప్పుడల్లా ఇంకా కుంగిపోయేదాన్నండి.”

“నా మాటకా? ఎందుకు?”

“పొత్రం తిప్పనివ్వండి. తిప్పుతూ అయితే చెప్పగలనేమో.”

“తిప్పు. చెప్పు.”

“మీరు నీళ్ళకి వెళ్ళారు గుర్తుందా? వరండా చివర పంపు దగ్గరికి.”

“అవును. అక్కడో ముసలాయన బిందె పెట్టి పక్కకి తియ్యడే. తోసేసి పట్టుకొచ్చా.”

“ఆలస్యమయింది.”

“ఎంతసేపు? చిటికెలో వచ్చా.”

“వచ్చారండి. పరుగెత్తుకొచ్చారు. గ్లాసు ఒలికిపోతోంది, మీ చీరంతా తడిసింది.”

“వచ్చి పోశా. తల కదిలించాడు. నేను చూశా.”

“చెయ్యి తియ్యండత్తయ్యా, నలుగుతుంది.”

“కదిలించాడుగా?”

“మోకాలు కదిపానండి.”

“ఎవరు?”

“నేను. నా ఒళ్ళోనే ఉన్నాడు కదా. మీరు గుమ్మంలోంచి వస్తూ ఉన్నాడా ఉన్నాడా అని అడుగుతున్నారు. లేడని చెప్పడానికి నోరు రాలేదు. మోకాలు కదిపాను. వాడి తల కదిలింది.”

“...”

“మీరు పంపు దగ్గర ఉండగానే పోయాడండి. నా చేతి కిందే ఆగిపోయింది. తెలిసింది నాకు.”

“...”

“మీరు అబద్ధమాడలేదు. మీకు తెలీదు. ఆ దోషం నాది. చెబుదామనుకుంటే పాస్టరుగారి ముందు మీరు చెయ్యేసి చెప్పేశారు. తర్వాత చెబుదామంటే, చెబితే మీరు దాచరు. ప్రభు భోజనానికి ముందు పక్కింటివాళ్ళతో మాట తేడా వచ్చినా వెళ్ళి ఒప్పుకునే మనిషి మీరు. వాణ్ణి అక్కణ్ణుంచి తీసి గట్టు మీద పెట్టమంటారేమోనని భయం. పున్నమ్మక్కతో మీరన్న మాట నాకే అన్నట్టు తగిలింది. వాడూ నీళ్ళు పడని బిడ్డే కదా. మీరు రోజూ గ్లాసు తుడిచి గూట్లో పెడుతుంటే నేను గోడ వైపు తిరిగి పడుకునేదాన్ని. మీరు నన్ను ఓదార్చిన మాటలన్నీ నేను చేసిన మోసం మీద నిలబడ్డవేగా. పున్నమ్మక్కే ఒక శుక్రవారం నన్ను లాక్కెళ్ళింది. ఆ రోజు పాఠం దావీదు రాజు బిడ్డ పోయిన సంగతి. వారం తిరక్కుండానే పోయాడంట ఆ బిడ్డ. వాడికి ఎనిమిదో నాటి సున్నతి గురుతు పడే రోజు కూడా రాలేదని టీచరుగారు చెప్పారు. అయినా ఆ తండ్రి లేచి, స్నానం చేసి, అన్నం తిని, ఎప్పటికైనా నేనే వాడి దగ్గరికి వెళ్తానన్నాడంట. గట్టు మీదికి వెళ్తానని కాదు గదండీ అన్నది. పున్నమ్మక్క, నేను ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళం పట్టుకుని విన్నాం. ఆ రాత్రే నేను అన్నం తిన్నది. తర్వాత ప్రతి వారం వెళ్ళాను. ఒక్క పాఠంతో నిలవలేదండి నాకు. మంగళవారానికల్లా మళ్ళీ భయమేసేది, శుక్రవారం మళ్ళీ వినాల్సొచ్చేది. ఇప్పుడిప్పుడే వారమంతా నిలబడగలుగుతున్నా. నేను చెబితే మీకు ఎక్కదు, నాకు తెలుసు. మాట్లాడండత్తయ్యా. తిట్టండి, పోనీ.”

“...”

“ఎందుకు లేచారు? చేతులకి పిండి... కడుక్కోండి, నీళ్ళు పోస్తాను.”

“...”

“ఆ గ్లాసెందుకండీ? అత్తయ్యా, అది ఎక్కడికి?”

“...”

“పాస్టరుగారింటికి వద్దండి. మీ కాళ్ళు పట్టుకుంటా. ఈ ఒక్కటీ చెప్పకండి, వాణ్ణి కదిలిస్తారు. నన్ను పంపెయ్యండి, మా అమ్మావాళ్ళ రేపల్లె పోతా. వాణ్ణి మాత్రం అక్కడే ఉండనివ్వండి. అత్తయ్యా! చెప్పులన్నా వేసుకోండి...”

“...”

“అత్తయ్యా... అదేంటండీ, ఎడంపక్కకి తిరిగారు?”