నాలుగు పేర్లు

2008లో ఒక ఆదివారం, పొద్దు వాలుతున్న వేళ. ఇబ్రహీంపట్నం దగ్గర అడవి గుట్ట కింద కాపలా గది. కాపలాదారు హన్మంత్, గుట్ట ఎక్కి దిగివచ్చిన జయకృష్ణ.

"సార్, ఆగు. బుక్కుల నాలుగు పేర్లున్నయ్. ఒక్కనివే దిగినవ్. తక్కినోళ్లేరి?"

"వస్తున్నారు. వెనకాల."

"యాడ వెనకాల? నాకెవ్వరు కనిపిస్తలేరు."

"నెమ్మదిగా నడుస్తున్నారు. నేను వెళ్లి బండి తీస్తాను."

"అందరు దిగినంకనే నేను ఇంటికి పొయ్యేది. కూసో. రమణి, శ్రీలేఖ, సుశాంత్... ఎవరు గీళ్లు?"

"మా ఆవిడ. పిల్లలు."

"పెండ్లాం పిల్లలను అడివిల ఇడిసిపెట్టి దిగొచ్చినవా?"

"విడిచిపెట్టలేదు."

"మరి?"

"వస్తున్నారని చెప్పాను కదా."

"ఫోన్ చెయ్."

"సిగ్నల్ లేదు."

"ఈడ మస్తుంటది. నంబర్ చెప్పు, నేనే కొడ్త."

"వద్దు."

"వద్దంటే ఎట్ల? పొద్దు గూకుతున్నది. పైన బండల మీద పాశి ఉంటది, కాలు జారితే అంతే. ఆఫీసర్‌కు చెప్తున్న, ఊర్లకెల్లి పదిమందిని తోలుకొస్తడు."

"హన్మంతూ, వద్దు! ఎవర్నీ పిలవొద్దు. పైన ఎవరూ లేరు."

"లేరా?"

"నేనొక్కణ్ణే ఎక్కాను. ఒంటరిగా వచ్చినవాళ్లను పంపనన్నావు కదా పొద్దున. మావాళ్లు దుకాణంలో నీళ్లు కొంటున్నారని చెప్పి రాసేశాను. నువ్వు కాలేజీ పిల్లల గొడవలో ఉండి చూడలేదు."

"పాణం పోయినంత పనైంది గదా సార్! అబద్ధమే ఆడాల్నంటే ఇంకొక్క పేరు రాస్తే అయిపోతుండె. మూడెందుకు?"

"రాస్తుంటే ఆపబుద్ధి కాలేదు."

"ఇంట్ల ఉన్నరా ఆళ్లు?"

"పిల్లలిద్దరూ హాస్టళ్లలో. రమణి పెద్ద అంబర్‌పేట్‌లో వేరే ఇల్లు తీసుకుంది. రెండేళ్లయింది."

"ఏం, తాగుతవా? కొట్టినవా?"

"ఛ. ప్లాట్లు అమ్మాను."

"గదేం తప్పు? మా ఊర్ల సగంమంది పని గదే."

"కొనేవాళ్లకి సెలవు ఆదివారమే కదా. వాళ్లని వ్యాన్‌లో ఎక్కించుకుని మహేశ్వరం, కందుకూరు తిప్పేవాణ్ణి. రమణి ప్రతి వారం ఈ గుట్ట ఎక్కుదామనేది. పులిహోర కలిపి, డబ్బాలు సర్ది కూర్చునేది. వచ్చే వారం, వచ్చే వారం అని పదకొండేళ్లు గడిపాను. చివరికి అడగడం మానేసింది."

"మరి ఇయ్యాల?"

"ఇవాళ పులిహోర నేనే కలిపాను, నలుగురికి సరిపడా. దారంతా వెనక్కి తిరిగి ‘రాళ్లున్నాయి, జాగ్రత్త’ అన్నాను. గట్టిగానే అన్నాను హన్మంతూ. పైన కూర్చుని ఏడ్చాను."

"జర మంచినీళ్లు తాగు సార్."

"వద్దులే. ఆ మూడు పేర్లూ కొట్టేయ్, నేను పోతాను."

"ఆగు. మొన్న బుధవారం గూడ ఒకామె నన్ను ఇట్లనే సతాయించింది. నలుగురని రాసి ఒక్కతే దిగింది. ఆళ్లకోసం గుట్టంత తిరిగిన. ఆఖరికి పైన ఎవ్వరు లేరని గిట్లనే ఏడుస్త చెప్పింది."

"ఎవరామె?"

"గిదో, గీ పేజీ. చీకటైంది, నా కండ్లకు మసకైతున్నది, నువ్వే చదువు."

"ఇది... ఇది రమణి చేతిరాత. తన పేరు కింద... నా పేరుంది, హన్మంతూ."