సుశీల చూడని న్యూయార్క్

"నానమ్మా, వచ్చే వారం ఆఫీసు పనిమీద న్యూయార్క్ పోతున్న గద, అక్కడ ఏమేం చూడాల్నో ఎదురింటి సుశీలమ్మను అడిగొస్తా."

కూసో. యాడికి పోతవ్? ఆమెను అడిగేదేంది, నేను చెప్పనా? రోజూ పొద్దుగూకంగనే పార్కుల బెంచి మీద ఆమెది గదే ముచ్చటాయె, నాకంత నోటికొచ్చు. నేను పోలే, నిజమే. పోకుంటే ఏమాయె?

ఇను. పెద్ద బిల్డింగు పొద్దుగూకే ముంగట ఎక్కాలె. ఎలుగు ఉండంగ ఊరు చూడొచ్చు, లైట్లు పడ్డంక చూడొచ్చు, ఒక్క టికెట్టుకే రెండూ. చెయ్యెత్తి నిలబడ్డ ఆడామె బొమ్మ లేదా, దానికి టికెట్టే వద్దట. జనం పనులకు పోయే పడవ ఉంటదట, పుకట్ల ఎక్కిస్తరట, బొమ్మ ముంగటికెళ్లే పోతదట. ఇగ ఆ పాత బ్రిడ్జి అవతలి ఒడ్డుకెళ్లి ఇటు నడ్సుకుంట రావాలె, అప్పుడు ఊరంత ముంగట కనవడ్తది. "బూట్లేసుకోవాలి వదినగారూ, చెప్పులతో అయితే కాళ్లు పోతాయి" అంటది. నాకు చెప్తది, సూడు!

గామె గుంటూరు దిక్కుకెళ్లి ఈడికి కిరాయికొచ్చినప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌ల రోడ్డు దాటనీకె నా కొంగు వట్టుకునేది. చార్మినార్ చూపెట్టింది నేను. మ్యూజియంల గంట కొట్టే గడియారం కాడ జనంల సందు చేసి ముంగట నిలవెట్టింది నేను. బస్సు టికెట్టు అప్పుడు అర్ధ రూపాయి... కాదు కాదు, రూపాయి. గల్లీల ఎవలింటికి సుట్టాలొచ్చినా నన్నే అడిగేది. మీ తాత నవ్వెటోడు, నీకు గైడు నౌకరి పెట్టిస్త అని.

ఇగ ఆ అమెరికా టూరు. ముసలోళ్లను తీస్కపోతరంటే ఇద్దరం పేర్లిచ్చినం. వీసా రావాలని మొక్కనీకె చిల్కూరు గుడికి పోయినం. రెండు సుట్లు తిరిగిందో లేదో, మోకాళ్లని కూలవడ్డది. ఏడుపు మొకం పెట్టింది. సరే తీయ్ అని ఆమె పేరు మీద ప్రదక్షిణలు నేనే తిరిగిన. ముందు ఆమెయి, తర్వాత నాయి. గదే తప్పయింది బిడ్డా! ఆమెకు వీసా ఇచ్చిర్రు, నన్ను పొమ్మన్నరు. కాళ్లు నాయి, అమెరికా ఆమెది.

ఇప్పుడు ఈ కాలనీల ఎవలు అమెరికా పోయినా ఆమె వాకిట్లనే చెప్పులిడుస్తరు. నాకు కడుపు మండుతది. అవ్, మండుతది, చెప్పుకోనీకె సిగ్గేంది?

నువ్వు బొమ్మ చూడు, బ్రిడ్జి చూడు, వద్దంటలే. గని ఆమె చూడంది ఒక్కటన్న చూడు తల్లీ. చిన్న గల్లీ అయినా సరే, కూరగాయలమ్మే తావయినా సరే. ఫోటోలు కాలనీ గ్రూపుల పెట్టకు, ఆమె చూస్తది. నాకు ఫోన్ చేసి చెప్పు. ఏ దిక్కున్నది, ఎట్ల పోవాలె, అన్ని చెప్పు. ఒక్క దినమన్న ఆ బెంచి మీద నేను చెప్పాలె, ఆమె "అవునా వదినగారూ" అనుకుంట ఇనాలె.

సల్లగ పోయి రా బిడ్డా, నీకంత మంచే జరుగుతది. గా ఎనక తలుపుకెళ్లి పో, ముంగటికెళ్లి పోతే ఆమె పిలుస్తది...