ఆల్బంలో లేని మనిషి

పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫరుగారు ఈసారి ప్రాణంలో ప్రాణమైన పెద్ద కెమెరాని ఇంట్లో వదిలి, జేబులో పట్టే బుల్లి కెమెరాతో విహారయాత్రకి బయల్దేరారు. సముద్రం ఒడ్డున నడుస్తూ ఆయన భార్య మలుపు దగ్గర అలవాటుకొద్దీ ఆగిపోయింది.

"ఎందుకాగావు?"

"లెన్సు మారుస్తారేమోనని."

"దీనికి మార్చడానికి లెన్సెక్కడిది? అక్కడ నిలబడు, ఒకటి తీస్తా."

"నావి చాలు. కెమెరా ఇటివ్వండి."

"నీకెందుకు?"

"ఇన్ని ఊళ్ళు తిరిగాం, ఆల్బం నిండా నేనే. 'బావగారు ఏ ఊరికీ రాలేదా అక్కా?' అని మా చెల్లెలు అడిగింది."

"ఎవరో ఒకరు తియ్యాలి కదే!"

"ఆ పెద్దదాన్ని నన్నెప్పుడైనా ముట్టుకోనిచ్చారా?"

"బరువని..."

"దాని సంచీ మోసింది నేనేగా! కబుర్లు చాలు, నిలబడండి. గడ్డం దించండి. ఆ చేతులేమిటి, కర్రల్లా?"

"ఎక్కడ పెట్టుకోవాలో తెలియట్లేదే."

"ఊరందరికీ చెబుతారుగా! నవ్వండి."

ఆయన నవ్వబోయేలోపే ఆవిడ నొక్కేసింది.

"ఏదీ? అయ్యో, సగం తల తెగిపోయింది! చెరిపేసి మళ్ళీ తియ్యి."

ఆవిడ కెమెరాని తన చేతిసంచీలో వేసుకుంది.

"తెగితే తెగింది. నాతో వచ్చారని తెలుస్తోందిగా."