నలభై అయిదు అని ఊరుకుంది

ఏదీ, ఇలా తే ఆ పూసల గొలుసు. అబ్బో, బాగానే గుచ్చావే! ఈ చీటీ ఏంటి, ధరా? నాలుగు వందలు... కొట్టేసి మూడు వందల యాభై... అదీ కొట్టేసి మూడు వందలు. ఎవరు బేరమాడారే? ఎవరూ లేరూ? అంటే ఇంట్లో కూర్చుని నీతో నువ్వే బేరమాడుకుని, నువ్వే ఓడిపోయావన్నమాట. నవ్వక ఏం చెయ్యమంటావ్, అచ్చం నేనే! మీ నానమ్మని నువ్వు చూడలేదు కదూ. నాకు వదిన. మనిషి ఇంతే, నా భుజం దాకా వచ్చేది. గొంతూ అంతే, పక్కగదిలోంచి పిలిస్తే వినపడేది కాదు. కానీ ఆ మనిషి ధర చెప్పడం నేను ఈ రెండు కళ్ళతో చూశానే తల్లీ. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. కూర్చో, చెప్తా.

మీ తాతయ్య, అదే మా అన్నయ్య, పనిచేసే ఫ్యాక్టరీకి తాళం పడింది. రేపు తెరుస్తారు, ఎల్లుండి తెరుస్తారు అంటూ ఆయన రోజూ గడ్డం గీసుకుని గుమ్మంలో నిలబడేవాడు పాపం. మా ఇంట్లో సరైన వెలుతురున్న గది వీధి గదొక్కటే. వదిన అందులో కిటికీ దగ్గర కూర్చుని గొలుసులు చేసేది. పూసకీ పూసకీ మధ్య ముడి. గొలుసు తెగినా ఒక్క పూసే జారుతుంది, తక్కినవి కదలవు. ఆ గది మీద మా అమ్మ కన్ను పడింది. గడియారాలు బాగుచేసే ఆయనెవరో నెలకి నూట ఎనభై అద్దె ఇస్తానన్నాట్ట. మా అమ్మని గయ్యాళి అనుకునేవు, కాదు. ఆరుగురం తినాలి, ఆవిడేం చేస్తుంది? వదిన మెల్లగా, "ఆ నూట ఎనభై నేనే తెస్తాను అత్తయ్యా" అంది. మా అమ్మ, "సరే, నెలాఖరు ఆదివారం సాయంత్రం దాకా చూస్తా. తేలేకపోయావో, ఆయన బల్ల వేసుకుంటాడు, నువ్వు బొత్తాల ఫ్యాక్టరీకి పోతావు" అని తేల్చేసింది.

అప్పటికి రెండే ఆదివారాలున్నాయి. మొదటి ఆదివారం పసివాడికి జ్వరం. అదే, మీ నాన్నకి. నీకు తెలిసిందేగా, ఇప్పటికీ చిన్న తుమ్ము వస్తే ముసుగుతన్ని పడుకుంటాడు! సరే, వదిన కదల్లేక పది గొలుసులూ నాకిచ్చి, "ఒక్కోటి ముప్పై చెప్పు" అని సంతకి పంపింది. నాకు పదహారేళ్ళు, రెండు జడలేసుకుని పెద్ద వ్యాపారస్తురాల్లా వెళ్ళాను. కళ్ళద్దాలు పెట్టుకున్న ఒకావిడ వచ్చి, ఒక గొలుసు తీసి ముఖం దగ్గర పెట్టుకుని చూస్తోంది, చూస్తోంది. మాట్లాడదే! "ముప్పై అండీ" అన్నాను. ఉలుకూ పలుకూ లేదు. "పోనీ ఇరవై అయిదు." లేదు. "ఇరవై! పూసలు కొంచెం వెలిసినట్టున్నాయి లెండి, పద్దెనిమిదికి తీసుకోండి!" అప్పుడు తలెత్తి, "నేను ముడులు లెక్కపెడుతున్నానమ్మా" అంది. నాలుగు కొనుక్కుపోయింది మహాతల్లి. నేను గంతులేసుకుంటూ ఇంటికొచ్చాను. ఆ డబ్బు ఆ వారం ఇంటి ఖర్చుల్లోనే కరిగిపోయింది, కొత్త పూసలకి పైసా మిగల్లేదు.

వదిన మిగిలిన ఆరూ లెక్కపెట్టుకుని, "ఆవిడ తగ్గించమందా?" అని అడిగింది. "లేదు." "మరెందుకు తగ్గించావు?" "ఏమో వదినా, భయమేసింది." మర్నాడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఉన్న కాసిని పూసలతో ఒక గొలుసు మొదలెట్టించింది. మధ్యాహ్నానికి వేళ్ళు కోసుకుపోయాయి, మెడ పట్టేసింది, జానెడు కూడా కాలేదు. "ఇప్పుడు చెప్పు, ఎంతకిస్తావు?" అంది. "ఎవరికిస్తానమ్మా! చచ్చినా ఇవ్వను" అన్నాను. పడీ పడీ నవ్వింది. నవ్వి, "తప్పు నీది కాదు పిల్లా, నాది. పూసలూ దారం ఖరీదు చూసుకుని పైన కాస్త వేసి ముప్పై అన్నాను. నన్ను నేను లెక్కలోనే వేసుకోలేదు. బొత్తాల ఫ్యాక్టరీలో రోజుకి ఇరవై ఇస్తారు. దీనికి రోజున్నర, అంటే ముప్పై. సరుకు పది. ఎవరూ కొనని ఆదివారాలుంటాయిగా, వాటికో అయిదు. నలభై అయిదు" అంది. మా అమ్మ లోపల్నించి, "ముప్పైకే దిక్కులేదు, నలభై అయిదట!" అని కేకేసింది.

నెలాఖరు ఆదివారం ఇద్దరం వెళ్ళాం. మిగిలిన ఆరు గొలుసులూ పరిచాం. మళ్ళీ ఆ కళ్ళద్దాలావిడే! "పోయినసారి పద్దెనిమిదికిచ్చారుగా" అంది. వదిన, "అది మా పొరపాటండీ. ఇది నలభై అయిదు" అని ఊరుకుంది. ఊరుకోవడమంటే మామూలు ఊరుకోవడం కాదే. చుట్టూ సంత హోరెత్తిపోతోంది, పక్కనవాడు గిన్నెలు మోగిస్తున్నాడు, ఈవిడ మాత్రం ఆవిడ ముఖంలోకి హాయిగా చూస్తూ కూర్చుంది. నేను నోరు తెరవబోయాను. బల్ల కింద నా పాదం మీద తన పాదం వేసి నొక్కింది. ఆవిడ గొలుసు అక్కడ పెట్టేసి వెళ్ళిపోయింది! నాకు ఏడుపొచ్చేసింది. "వదినా, పిలువు! ముప్పైకిచ్చేస్తే ఆరూ పోతాయి, నూట ఎనభై వచ్చేస్తుంది, గది దక్కుతుంది" అన్నాను. "ఈ నెల దక్కుతుంది. వచ్చే నెల పూసలు దేంతో కొనను?" అంది. అంతే, పాదం తియ్యలేదు. సాయంత్రానికి మూడు అమ్ముడయ్యాయి, మూడూ నలభై అయిదుకే. నాకు ఆశ్చర్యమూ భయమూ రెండూ ఒకేసారి. ఇంటికి నడుస్తుంటే ఈ మనిషి ఎవర్రా బాబూ అని పక్కకి తిరిగి చూస్తూనే ఉన్నాను.

ఇంటికొచ్చేసరికి గడియారాలాయన వీధి గదిలో టేపు పట్టుకుని గోడ కొలుస్తున్నాడు. మా అమ్మ డబ్బు లెక్కపెట్టింది. "నూట ముప్పై అయిదు. ఇంకా నలభై అయిదు తక్కువ" అంది. అన్నయ్య తల దించుకున్నాడు. వదిన గొలుసుల డబ్బా తెరిచి మా అమ్మ ముందు పెట్టింది. "ఇంకా మూడున్నాయి అత్తయ్యా. ఒక్కోటి నలభై అయిదు." అని, ఊరుకుంది. అత్తగారికే! "ఇంట్లోవాళ్ళకి కూడా ధర చెప్తావా?" అంది మా అమ్మ. వదిన డబ్బా మూత వెయ్యలేదు. మా అమ్మ ఒక గొలుసు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి, అటు తిప్పి ఇటు తిప్పి ఎంతసేపు చూసిందో! ఆయన టేపు చుట్టుకోవడం కూడా మర్చిపోయాడు. ఉన్నట్టుండి మా అమ్మ లోపలికెళ్ళింది. ఆవిడ సొంత డబ్బు ఎక్కడ దాస్తుందో మా నాన్నకే తెలియదు. నలభై అయిదు తెచ్చి, ఆ నూట ముప్పై అయిదు మీద పెట్టింది. పెట్టి, "కొక్కెం తగిలించు" అని వదినకి వీపు తిప్పి నిలబడింది.

వదిన మా అమ్మ వెనక్కి వచ్చింది. నేను పక్కనే ఉన్నాను, చూశాను. ఆ చేతులు ఎంత వణికిపోతున్నాయంటే, తను చేసిన కొక్కెం తనకే తగల్లేదు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. అంటే పొద్దుట్నించీ ఆ మనిషికీ భయమే... మా అమ్మకి తెలిసిపోయిందే. మెడ మీద ఆ వేళ్ళు తెలియవూ? పాలు పొంగేదాకా కూడా ఆగని మనిషి మా అమ్మ. మెడ వంచి, తగిలేదాకా, అలాగే నిలబడింది.