రెండు జిల్లాల పిల్ల

“ఈయన ఇంట్లో కుర్చీ కూడా జరపరు. అందుకే ఆగస్టులో నేనే వెళ్లి అమ్మాయి పేరు మన జిల్లా బాస్కెట్‌బాల్ సంఘంలో రాయించాను,” అంది ఆవిడ, భర్తకు వినపడేలా.

“నేనూ రాయించానే! మా ఆఫీసున్న జిల్లాలో.”

ఆవిడ చేతిలో గరిటె ఆగింది.

“అందుకా జాతీయ సమాఖ్య ఈ ఉత్తరం పంపింది! రెండు జిల్లాల్లో పేరుంటే ఎక్కడా ఆడనివ్వరట. ఎల్లుండే సెలక్షన్లు!”

“రాష్ట్ర సంఘాన్ని అడగకపోయావా?”

“అడిగాను. జిల్లాను అడగమన్నారు. జిల్లావాళ్లు సమాఖ్యనన్నారు. సమాఖ్యేమో మళ్లీ రాష్ట్రాన్నంది. నా బుర్ర గిర్రున తిరుగుతోంది.”

“ఇదిగో, ఉత్తరం కింద చిన్న అక్షరాల్లో ఉంది. రెండోసారి రాయించినవాళ్లు తమదే తప్పని రాసిస్తే చాలట.”

“మీరెప్పుడు రాయించారు?”

“జూన్‌లో.”

ఆవిడ స్టవ్ కట్టేసింది.

“తప్పు నాదే.”

“ఏమిటీ? వినపడలేదు.”

“తప్పు నాదే అన్నాను! ఆ కుర్చీ ఇలా జరపండి, రాసిస్తాను.”